స్ప్రింగు ఉయ్యాల రివ్యూ: పగటి కునుకుకి సరే, రాత్రి పడకకి కాదు

ఇనుప గొట్టాల స్టాండు, దానికో స్ప్రింగు, స్ప్రింగుకి వేలాడే నూలు జోలి. బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్ల ఫ్లాట్లలో బారసాల నాటికి ఈ సరంజామా హాల్లోకి వచ్చేస్తుంది. చిక్‌పేటలో కొన్నా, ఇంటి దగ్గర పిల్లల సామాన్ల దుకాణంలో కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించినా లోపలి సరుకు దాదాపు ఒకటే. పేర్లూ రంగులూ మారతాయంతే. మోటారు లేనిది సుమారు మూడు వేల లోపు దొరుకుతుంది. మోటారు, రిమోట్, పాటలు, ఏడుపు సెన్సార్ కావాలంటే దానికి రెట్టింపు పైనే పెట్టాలి.

కొనాలా వద్దా అన్నది ముందే చెప్పేస్తే నయం. పగలు, పెద్దవాళ్లొకరు మేలుకుని పక్కనే ఉండగా, ఓ చిన్న కునుకుకి మోటారు లేని ఉయ్యాల మంచి వస్తువు. రాత్రి పడకగా మాత్రం పనికిరాదు. మోటారుకి పెట్టే డబ్బు దండగ. ఆ డబ్బుతో ఒక గట్టి పరుపు చేయించుకుంటే బిడ్డకీ మంచిది, బాలింతకీ నాలుగు గంటలు కన్ను మూతపడుతుంది. ఎందుకంటే ఈ ఉయ్యాల చేసే పనికీ, పురిటి బిడ్డ నిద్ర తీరుకీ కొన్నిచోట్ల కుదురుతుంది, కొన్నిచోట్ల అసలు కుదరదు. డబ్బా మీద ఆ నిద్ర గురించి ఒక్క ముక్క ఉండదు కాబట్టి ముందు అదే చూద్దాం.

బిడ్డ నిద్ర, సెన్సార్ తెలివి

మొదటి మూడు నెలలూ బిడ్డ రోజుకి 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది. ఆ గంటలన్నీ ముక్కచెక్కలుగా వస్తాయి. ఒక్కో విడత రెండు నుంచి నాలుగు గంటలు, కొన్ని అరగంట కూడా ఉండవు. బిడ్డకీ బిడ్డకీ ఉండే తేడా ఎంతంటే, అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ఏ వయసుకి ఎన్ని గంటల నిద్ర కావాలో సిఫారసు చేసినప్పుడు, నాలుగు నెలల లోపు పిల్లలకి అసలు అంకే ఇవ్వలేదు. పక్కింటి పాప పదహారు గంటలు పడుకుంటే మీ బాబు పదమూడున్నరతో లేస్తున్నాడని ఉయ్యాల కొనక్కర్లేదు. పాలు బాగా తాగుతూ, బరువు పెరుగుతూ ఉంటే అది వాడి లెక్క.

పడుకునే తీరు కూడా మనలాంటిది కాదు. పురిటి బిడ్డ కళ్లు మూయగానే ముందు చురుకు నిద్రలోకి వెళుతుంది. రెప్పల కింద కనుగుడ్లు కదులుతాయి. చప్పరిస్తుంది, మూలుగుతుంది, చేతులు విదిలిస్తుంది, నవ్వుతుంది, ఒక్కోసారి కుయ్‌మని ఓ రాగం తీసి ఆపేస్తుంది. ఊపిరి గబగబా ఆడి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ అందుకుంటుంది. ఇదంతా నిద్రే. మొత్తం నిద్రలో సుమారు సగం ఇదే. ఇరవై నిమిషాలు అటూ ఇటూ అయ్యాక నెమ్మది నిద్ర వస్తుంది. అప్పుడు ఊపిరి ఒకే లయలో నడుస్తుంది, ఒళ్లు కదలదు, చెయ్యి కాస్త ఎత్తి వదిలితే మెత్తగా పడిపోతుంది. ఈ రెండూ కలిసిన ఒక చుట్టుకి 50 నుంచి 60 నిమిషాలు. చుట్టు ముగిసిన ప్రతిసారీ బిడ్డ పైపైకి తేలి, చాలాసార్లు తనంతట తనే మళ్లీ మునుగుతుంది.

ఇప్పుడు ఏడుపు సెన్సార్ సంగతి చూడండి. అందులో ఉండేది చిన్న మైకు. చప్పుడు ఒక హద్దు దాటితే మోటారు తిరుగుతుంది. అది ఆకలి ఏడుపో, చురుకు నిద్రలోని మూలుగో, పై అంతస్తులో టైల్స్ కోసే మిషనో దానికి తేడా తెలియదు. కుయ్‌మన్న బిడ్డని అర నిమిషం వదిలేస్తే సద్దుమణిగేది కాస్తా, ఉయ్యాల కుదుపుకి పూర్తిగా లేస్తుంది. లేచాక నిజంగానే ఏడుస్తుంది. మోటారు ఇంకా ఊపుతుంది. సెన్సార్ భలే పట్టేస్తోందని ఇంట్లోవాళ్లు మురిసిపోయేది ఎక్కువగా ఇది చూసే.

మనుషులకైనా ఇదే వర్తిస్తుంది. అలికిడి కాగానే అమ్మమ్మ వెళ్లి ఊపేస్తుంది, ఊపకపోతే ఆవిడకి ప్రాణం ఊరుకోదు. ముందు కళ్లు చూడమనండి. కళ్లు మూసే ఉంటే ఒక నిమిషం ఆగాలి. కళ్లు తెరిచి, ఏడుపు ఒక తీరుగా పెరుగుతుంటే అప్పుడు ఎత్తుకోవాలి.

ఉయ్యాల బాగా పనిచేస్తే వచ్చే చిక్కు

సెన్సార్ తికమక చిన్న విషయం. అసలు భయపడాల్సింది మొదటి రెండు వారాల గురించి. పుట్టిన బిడ్డ తొలి రోజుల్లో కాస్త బరువు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం దాకా మామూలే. 10 నుంచి 14 రోజుల్లో మళ్లీ పుట్టిన బరువుకి వస్తుంది. అప్పటిదాకా రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు పడాలి. రెండు మూడు గంటలు దాటితే నిద్ర లేపైనా పట్టాలి. ఆకలికి బిడ్డ మొదట చేసేది ఏడవడం కాదు. తల అటూ ఇటూ తిప్పి వెతుకుతుంది, పిడికిలి నోట్లోకి తోసుకుంటుంది, నాలుక చాపుతుంది. ఏడుపు ఆఖరి మాట. జోలి అడుగున పడుకున్న బిడ్డ మొహం సోఫాలో కూర్చున్నవాళ్లకి కనపడదు. ఏడుపు మొదలవగానే ఊపు మొదలవుతుంది, ఊపుకి మళ్లీ కునుకు పడుతుంది, ఒక పాల వేళ దాటిపోతుంది.

కామెర్లు ఉన్న బిడ్డ విషయంలో ఇది ఇంకా ప్రమాదం. కామెర్లకి మత్తు ఎక్కువ. మత్తుకి పాలు తగ్గుతాయి. పాలు తగ్గితే కామెర్లు పెరుగుతాయి. ఇలాంటప్పుడు బిడ్డని ఇంకా గట్టిగా నిద్రపుచ్చే మిషను ఇంట్లో ఉండటం మంచిది కాదు. మా పాప బంగారం, ఐదు గంటలు కిక్కురుమనలేదు అని మొదటి వారంలో ఎవరైనా అంటే తడిసిన గుడ్డలు లెక్కపెట్టమనండి. ఐదో రోజు దాటాక 24 గంటల్లో కనీసం ఆరు తడవాలి. అంతకు తగ్గినా, లేపినా లేచి పాలు పట్టకపోయినా, పసుపు పొట్ట మీదికి, కాళ్ల మీదికి దిగుతున్నా ఆ పూటే డాక్టరుకి చూపించాలి. మూడు నెలల లోపు బిడ్డకి ఒళ్లు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్‌కి చేరినా రేపు చూద్దాం అనుకోకూడదు. నిద్రలో ఊపిరి 20 సెకన్లు ఆగినా, పెదవులు నీలంగా మారినా నేరుగా అత్యవసర విభాగానికే.

బరువు తిరిగి వచ్చాక, డాక్టరు సరేనన్నాక, రాత్రి ఒక విడత నాలుగు గంటలు సాగినా లేపక్కర్లేదు.

జోలి ఆకారం

పురిటి బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. తల వెనక భాగం బాగా బయటికి పొడుచుకుని ఉంటుంది. మెడకి బలం ఉండదు. అలాంటి బిడ్డని మెత్తటి జోలిలో వేస్తే నడుం కిందికి దిగుతుంది, తలా కాళ్లూ పైకి లేస్తాయి, గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. శ్వాసనాళం ఈ వయసులో సన్నగా, మెత్తగా ఉంటుంది, మెడ వంగితే ఇంకా సన్నబడుతుంది. దీనికి ఏడుపూ ఉండదు, దగ్గూ ఉండదు, అందుకే పక్కగదిలో ఉన్నవాళ్లకి తెలియదు. పక్కకి ఒరిగితే బట్ట ముక్కుకి అడ్డం పడటం ఇంకో సంగతి.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో తిరగరాసిన సూచనల్లో ఉన్నది ఇదే: బిడ్డ వెల్లకిలా, గట్టిగా, బల్లపరుపుగా ఉన్న పడక మీద పడుకోవాలి. వాలు 10 డిగ్రీలు దాటకూడదు. కనీసం మొదటి ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, కానీ వేరే పడక మీద. 2019 ఏప్రిల్‌లో అమెరికాలో పేరున్న ఒక వాలు పడక మోడల్‌ని, సుమారు 47 లక్షల వాటిని, పిల్లల మరణాల తరవాత మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. 2022లో అక్కడ వాలు పడకల అమ్మకాన్నే చట్టం చేసి ఆపేశారు. మన జోలి వాలు పడక కంటే ఎక్కువ వంగుతుంది తప్ప తక్కువ కాదు. స్నూ అనే మోటారు పడకకి 2023లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది కదా అని అడిగేవాళ్లున్నారు. అది బల్లపరుపు పడక, బిడ్డ వెల్లకిలా ఉండేలా పట్టి ఉంచుతుంది. స్ప్రింగుకి వేలాడే జోలికి ఆ అనుమతి వర్తించదు.

మీ నలుగురూ చీర ఉయ్యాలలోనే పెరిగారు కదే అని నాయనమ్మ అంటుంది. నిజమే. కానీ ఆ చీర ఉయ్యాల తాడు చివర ఎప్పుడూ ఒక చెయ్యి ఉండేది. అత్తో, పిన్నో, పదేళ్ల మేనకోడలో లాగుతూ మొహం చూస్తూ ఉండేది. ఇల్లంతా మనుషులు తిరిగేవాళ్లు. ఫ్లాట్లో తెల్లవారుజామున రెండింటికి ఆ చెయ్యి ఉండదు, దాని బదులు అడాప్టరు ఉంటుంది. ఊపు మిగిలి, చూపు పోయింది. మోటారు మీద మా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది.

వెల్లకిలా పడుకుంటే పాలు కక్కి గొంతుకి అడ్డం పడతాయన్న భయం కూడా ఆవిడదే. పడుకున్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. పైకి వచ్చిన పాలు కిందనున్న గొట్టం వైపే జారతాయి. బోర్లా పడుకుంటే ఇది తలకిందులవుతుంది. ఇది ఓపికగా రెండుసార్లు చెబితే చాలామంది అమ్మమ్మలు ఒప్పుకుంటారు.

కొనేవాళ్లకి: స్ప్రింగు, స్టాండు, గుడ్డ

పగటి కునుకుకి కొంటున్నారనే అనుకుందాం. మొదట చూడాల్సింది స్ప్రింగు. ఇరవై కిలోలు మోస్తుంది అన్నది గొప్పగా చెబుతారు. మూడు కిలోల బిడ్డకి ఇరవై కిలోల గట్టి స్ప్రింగు వేస్తే అది సాగదు, గిలకలా టకటకా కొడుతుంది. దుకాణంలోనే మూడు కిలోల బియ్యం సంచి వేయించి చూడండి. సంచి బరువుకి స్ప్రింగు ఆరు సెంటీమీటర్లు సాగితే సెకనుకి సుమారు రెండు ఊపులు పడతాయి, అది బిడ్డకి ఎక్కువ. ఇరవై ఐదు సెంటీమీటర్లు సాగితే సెకనుకి ఒకటి, అది హాయిగా ఉంటుంది. బిడ్డ ఆరు కిలోలకి వచ్చేసరికి సాగుడు రెట్టింపవుతుంది, ఊపు నెమ్మదిస్తుంది, జోలి నేలకి దగ్గరవుతుంది. కాబట్టి తాడు పొడవు నెలకోసారి సరిచేసుకోవాలి. జోలి అడుగు నేలకి ఒక అడుగు ఎత్తున ఉంటే చాలు. ఎత్తు ఎక్కువైతే సౌకర్యమేమీ పెరగదు, పడితే దెబ్బ పెరుగుతుంది.

స్ప్రింగు లోపలినుంచి ఒక గొలుసో, నైలాను పట్టీయో పోవాలి. స్ప్రింగు తెగినా జోలి దాని మీద ఆగుతుంది. ఇది లేని కిట్ ఎంత చవకైనా తీసుకోవద్దు. ఉన్నా, గొలుసు రెండు చివరలూ స్ప్రింగు హుక్కుకే తగిలించి ఉంటే లాభం లేదు, ఎందుకంటే ఎక్కువగా విరిగేది ఆ హుక్కు వంపే. గొలుసు పైకొస స్టాండుకి, కిందికొస జోలి కట్టెకి విడిగా తగలాలి. ఎస్ ఆకారపు హుక్కుల బదులు మూత బిగుసుకునే హుక్కులు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి, అవి మార్చుకోండి.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో పాత ఉయ్యాలలు చవగ్గా తిరుగుతుంటాయి. పాత స్ప్రింగు చూడటం తేలిక. బరువు లేకుండా పట్టుకున్నప్పుడు చుట్లన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉండాలి. మధ్యలో వెలుతురు కనపడితే అది సాగిపోయిన స్ప్రింగు, ఇక తిరిగి రాదు. హుక్కు వంపు లోపల వేలు పెట్టి చూస్తే గాడి పడి ఉండకూడదు. తుప్పు మరక తుడిస్తే పోతే సరే, గోరుకి గరుకుగా తగిలితే వద్దు.

స్టాండు బిగించాక బిడ్డని వేసే ముందు పది కిలోల సంచి వేసి పక్కకి లాగి వదలాలి. ఏ కాలైనా లేస్తే నట్లు మళ్లీ బిగించాలి, అప్పటికీ లేస్తే స్టాండు వెడల్పు చాలదు. విట్రిఫైడ్ టైల్స్ మీద ఇనుప గొట్టాలు జారతాయి, నాలుగు కాళ్లకీ రబ్బరు బుష్‌లు ఉండాలి. గొట్టాల కీళ్ల దగ్గర నట్లు వారానికోసారి చూసుకోవాలి, ఊపుకి వదులవుతాయి.

స్టాండు ఎందుకు, కప్పుకి కట్టేద్దాం అంటారు కొందరు. బెంగళూరు ఫ్లాట్లలో చాలావాటికి హాల్లో జిప్సం ఫాల్స్ సీలింగ్ ఉంటుంది. అది ఉయ్యాల కాదు కదా, బరువైన దీపం కూడా మోయదు. స్లాబులోకి ఫాస్టెనర్ దిగగొట్టించాలి. అద్దె ఇంట్లో దానికి ఓనరు ఒప్పుకోవాలి. కిటికీ గ్రిల్లుకీ, తలుపు పైకమ్మీకీ కట్టడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

జోలి గుడ్డలో చూడాల్సింది రెండు చోట్లే: కట్టె దూర్చే మడత కుట్టు, మూలల కుట్టు. రెండు వరసల కుట్టు ఉండాలి. గుడ్డని విడదీసి పట్టే కట్టె పొడవుగా ఉంటే జోలి వెడల్పవుతుంది, బిడ్డ కాస్త చదునుగా పడుకుంటుంది. కిట్‌లో వచ్చే పొట్టి కట్టె మార్చుకోవడం మంచిది. బిడ్డని వేశాక గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్లు దూరాలి, దూరకపోతే తీసేయండి. రబ్బరు షీటు జోలిలో వేయొద్దు. బిడ్డ కాళ్లు ఆడిస్తే అది మడతలు పడి మొహం దగ్గరికి పాకుతుంది. కింద తడుస్తుందని బెంగ ఉంటే రెండో గుడ్డ కొని పెట్టుకోండి, ఉతికినా పర్వాలేదు.

మోటారు కిట్‌లు చాలావాటికి 12 వోల్టుల అడాప్టరు వస్తుంది. లోపల పళ్లచక్రాలు ప్లాస్టిక్‌వి, బిడ్డ బరువు పెరిగే కొద్దీ గుర్రుమంటాయి. ఆ గుర్రు, దాని మీద పాటలు. పిల్లల గదిలో చప్పుడు 50 డెసిబెల్స్ లోపు ఉండాలన్నది సూచన. శబ్దం వచ్చే పరికరం ఏదైనా బిడ్డకి రెండు మీటర్ల దూరంలో పెట్టమంటారు. ఇక్కడ స్పీకరు బిడ్డ నెత్తి మీదే వేలాడుతుంది. కరెంటు పోతే ఊపు ఠక్కున ఆగుతుంది, అలవాటుపడ్డ బిడ్డ అప్పుడే లేస్తుంది. వైరు జోలి పక్కనుంచి వేలాడకుండా కట్టడం ఎలాగో డబ్బాలోని కాగితం చెప్పదు.

ఉచితంగా ఇచ్చే ఆవాల దిండు, చిన్న రజాయి, గుండ్రని పక్కదిళ్లు అన్నీ బీరువాలో పెట్టేయండి. తల గుండ్రంగా రావాలంటే మెలకువగా ఉన్నప్పుడు రోజూ కాసేపు మీ కళ్ల ముందు బోర్లా వేయడం, పడుకోబెట్టేటప్పుడు తల ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పడం చాలు. జోలికి తగిలించే దోమతెర వదులుగా ఉండి మొహం మీద వాలుతుంది. ఇంతకంటే పరుపు మీద పెట్టే గొడుగు దోమతెర మేలు. దోమల చుట్ట, సాంబ్రాణి పొగ బిడ్డ ఉన్న గదిలో వద్దు.

ఉయ్యాల నుంచి పరుపు మీదికి

ఊపుకి బిడ్డ నిద్రపోవడంలో తప్పేమీ లేదు. నిద్రపోయాక పక్కన ఎవరూ లేకుండానో, రాత్రంతానో అక్కడే వదిలేయడమే తప్పు. దింపేటప్పుడు లేచిపోతుందన్నది అందరి ఫిర్యాదూ. చాలామంది కళ్లు మూయగానే దింపుతారు, అది చురుకు నిద్ర, లేవక ఏం చేస్తుంది? జపాన్‌లోని రైకెన్ అనే పరిశోధన సంస్థవాళ్లు 2022లో ప్రచురించిన పని ఇక్కడ అక్కరకొస్తుంది. ఏడుస్తున్న బిడ్డని ఎత్తుకుని ఆగకుండా ఐదు నిమిషాలు నడవాలి. నిద్రపట్టాక ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు కూర్చుని ఎత్తుకునే ఉండాలి. ఆ తరవాత పడుకోబెట్టాలి. చాలామంది బిడ్డలు లేచేది పరుపు తగిలినప్పుడు కాదు, ఒంటి నుంచి విడివడే క్షణంలో. ఉయ్యాల వాడినా ఇదే వరస: ఊపు ఆపి కాసేపు ఆగండి, చెయ్యి ఎత్తి వదిలి చూడండి, వాలిపోతే ఎత్తి పరుపు మీద వేయండి. ముందు పిరుదులు, తరవాత వీపు, చివర తల ఆనాలి. తల ముందు వాలితే కింద పడుతున్నట్టు ఉలిక్కిపడి రెండు చేతులూ బార్లా చాపుతుంది.

ఆ ఉలికిపాటుకి పొత్తిళ్లు మంచి మందు. చేతుల దగ్గర ఒద్దికగా, ఛాతీ దగ్గర రెండు వేళ్లు దూరేటంత వదులుగా, తుంటి కింద పూర్తిగా వదులుగా చుట్టాలి. కాళ్లు కప్పలా మడిచి విప్పుకునే వీలుండాలి. నిటారుగా చాపి బిగిస్తే తుంటి కీలు జారే ప్రమాదం ఉంది. పొత్తిళ్లలో చుట్టిన బిడ్డ ఎప్పుడూ వెల్లకిలానే. జోలిలో వేసేటప్పుడు చుట్టొద్దు, జోలి చాలినంత బిగుతే. బోర్లా పడే ప్రయత్నం కనపడిన రోజే పొత్తిళ్లు మానేయాలి, అది మూడు నాలుగు నెలల్లో ఎప్పుడైనా రావచ్చు.

పరుపుకి మిగిల్చిన డబ్బు ఇక్కడ పెట్టండి. పరుపులు కుట్టే దుకాణంలో కొబ్బరిపీచుతో, బిడ్డ రాత్రి పడుకునే ఊచల తొట్టి (క్రిబ్) కొలతకి సరిగ్గా చేయించాలి. అరచేత్తో నొక్కి తీస్తే గుంట వెంటనే పోవాలి. పరుపుకీ తొట్టి గోడకీ మధ్య రెండు వేళ్లు మించి సందు ఉండకూడదు. ఊచల మధ్య ఆరు సెంటీమీటర్లు దాటకూడదు. బిగుతైన దుప్పటి ఒక్కటే పైన ఉండాలి. దూది పరుపు కొన్నాళ్లకి గుంటలు పడుతుంది, పురిటి బిడ్డకి అది వద్దు.

డిసెంబరు, జనవరిల్లో బెంగళూరు చలికి మంకీ క్యాపు, స్వెటరు, రెండు దుప్పట్లు పడతాయి బిడ్డ మీద. మీరు వేసుకున్నదానికి ఒక పొర ఎక్కువ చాలు, ఇంట్లో నిద్రలో టోపీ అక్కర్లేదు, బిడ్డ అదనపు వేడిని ఎక్కువగా వదిలేది తల నుంచే. చేతులు కాళ్లు చల్లగా ఉండటం మామూలే. మెడ వెనక ముట్టుకుని చూడండి, చెమట ఉంటే ఒక పొర తీసేయాలి.

పగలు నిద్ర, రాత్రి జాగారం అన్నదానికి ఏ ఉయ్యాలా మందు కాదు. పగలూ రాత్రీ తేడా చెప్పే ఒంటి గడియారం పుట్టిన నాటికి నడవదు, రెండు మూడు నెలలకి కుదురుకుంటుంది. పగటి పాలు వెలుతురులో, ఇంటి చప్పుళ్ల మధ్య, మాట్లాడుతూ పట్టండి. రాత్రి పాలు చిన్న లైటుతో, మాటల్లేకుండా. ఏడుపు ఆరో వారం చుట్టూ బాగా పెరిగి, ఆ తరవాత తగ్గుతుంది. ఉయ్యాలలు ఎక్కువగా అమ్ముడయ్యేది కూడా ఆ వారాల్లోనే కాబట్టి తగ్గిన పేరు వాటికి దక్కుతుంది. నిద్ర కోసం వస నూరి నాకించడం, గసగసాల రసం, తేనె, దగ్గు మందు ఇవేవీ వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు, తేనె ఏడాది దాకా ముట్టనివ్వకూడదు.

ఉయ్యాల మానేసే రోజుని నెలలతో లెక్కపెట్టకండి. బిడ్డ చేతుల మీద ఛాతీ ఎత్తడం, పక్కకి దొర్లడం, జోలి అంచు పట్టుకోవడం, ఈ మూడింట్లో ఏది ముందు కనపడితే ఆ రోజే ఆఖరు. అంచు పట్టుకుని ఒరిగితే జోలి ఇట్టే తిరగబడుతుంది. ఆ తరవాత ఎవరికైనా ఇచ్చేట్టయితే స్టాండు, గుడ్డ ఇవ్వండి, స్ప్రింగు మాత్రం కొత్తది కొనుక్కోమని చెప్పండి.